తలుపు మూసిన గదిలో చెప్పిన పేరు

(ఉత్తర వేల్స్‌లోని పెన్‌త్రెవెన్ ఊరు, హెర్మోన్ మందిరం వెనుక గది, 1928. లౌరీ ప్రిచర్డ్ సంతాప సభలో ఆమె కొడుకు, క్వారీ యూనియన్ కార్యదర్శి ఇథెల్ ప్రిచర్డ్ చేసిన ప్రసంగం.)

దైవజనులు ఏమ్రిస్ గారికి, సంఘ పెద్దలకు, ఈ ముసురులో కొండ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చిన తోటి కార్మికులకు, వెనకాల టీ నీళ్ళు పెట్టి రొట్టె కోస్తూ కూడా ఇటు చెవి వేసిన అక్కలకు, పిన్నులకు, అందరికీ వందనాలు. మా అమ్మ కోసం వచ్చారు. ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. అమ్మ అసలే అనుకుని ఉండదు.

ముందు మాట్లాడినవాళ్ళు అమ్మను చాలా పొగిడారు. ఏమ్రిస్ గారు ఆమెను కృతజ్ఞతకు మారుపేరు అన్నారు. మా కాడోక్ మామయ్య, అమ్మకు తోడబుట్టినవాడు, ఈ సంఘానికి పెద్ద, ఆమె ఏమీ లేని రోజుల్లో కూడా స్తోత్రం మానలేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. బాగుంది. అంతా నిజమే. కానీ నేనొకటి అడుగుతాను. దేనికి చెప్పింది స్తోత్రం? ఎవరి పేరు చెప్పింది? ఇంతసేపు ఇంతమంది మాట్లాడారు, ఒక్కరి నోటా ఆ పేరు రాలేదు. ఆ చోటికి వచ్చేసరికి అందరికీ గొంతులో వెలక్కాయ పడింది.

నేను చెబుతాను. చావు సభలో పాత గొడవలు తవ్వుతున్నాడని రేపు అనుకుంటారు. అనుకోండి. నేను యూనియన్ వాణ్ణి, నాకు మర్యాద తక్కువని మీకు ముందే తెలుసు. మా అమ్మకు మీరు చేసింది ద్రోహం. ఆ మాట ఆమె బతికుండగా నేను అనలేదు, ఆమె అననివ్వలేదు. ఇవాళ అడ్డం పడే మనిషి లేదు.

పాతికేళ్ళ కిందటి ఆ పెద్ద సమ్మె నాటికి పుట్టని కుర్రాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి. మన క్వారీ మూతపడింది. పలకరాయి చీల్చే చేతులు ఖాళీగా కూర్చున్నాయి. మా నాన్నలాంటి వాళ్ళు దక్షిణాన బొగ్గు గనుల్లోకి వెళ్ళారు. నాన్న అక్కడే, గని కప్పు కూలి, పోయాడు. మిగిలినవాళ్ళు ఇక్కడ ఆలుగడ్డలు, మజ్జిగ తిని నిలబడ్డారు. ప్రతి ఇంటి కిటికీలో ఒక అట్ట ముక్క ఉండేది, దాని మీద ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’ అని అచ్చు. కంపెనీ క్వారీ తిరిగి తెరిచాక కొంతమంది ఓర్చుకోలేక మళ్ళీ కొండెక్కి మేనేజరు కింద పనికి చేరారు. వాళ్ళ కిటికీల్లో అట్ట తీసేశారు. ఆ ఇళ్ళవాళ్ళతో మాట లేదు, వాళ్ళ పక్కన మందిరంలో కూర్చోవడం లేదు, వాళ్ళ పిల్లలతో ఆట లేదు.

అలా కొండెక్కినవాడు మొర్దెకై రోలండ్స్. మా వెనక వీధి. ఆయనకు ఒక ఆవు ఉండేది. ఇదిగో, ఈ గదిలో నేను పలికిన ఈ పేరే అమ్మ పలికింది. ఇంతకు ముందు ఇక్కడ ఇది వినిపించింది ఆ ఒక్కసారే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మొర్దెకై చేసింది తప్పు. అందరం ఆకలితో బిగించిన పట్టును ఆయన సడలించాడు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఎందుకు వెళ్ళాడో ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, నేనూ ఆయన తరఫున చెప్పను. కానీ నేను ఇవాళ మీ ముందు బతికి ఉన్నది ఆయన ఆవు పాలతో. దానికేం చేయను?

అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. పాలు పడితేనే నిలబడతాడని డాక్టరు అన్నాడట. సమ్మె ఊళ్ళో పాలెక్కడివి? అప్పుడు ఒక పొద్దున మా పెరటి గడప మీద మూత పెట్టిన డబ్బాలో పాలు కనిపించాయి. మర్నాడూ కనిపించాయి. అమ్మ ఊరుకునే మనిషి కాదు. ఒక వేకువజామున తలుపు వెనకాల నిలబడి, అడుగుల చప్పుడు వినగానే తలుపు తీసింది. ఎదురుగా మొర్దెకై. పనికి వెళ్ళే బట్టల్లో, తల వంచుకుని ఉన్నాడు. ఆయన అన్న మాట అమ్మ నాకు పెద్దయ్యాక చెప్పింది. “ఇది పిల్లాడికి, లౌరీ. నీక్కాదు. నా పేరు ఎవరి దగ్గరా ఎత్తకు.”

దేవుడికి చెప్పకుండా పిల్లాడికి ఎలా పట్టనని అమ్మ అడిగింది. అదీ మా అమ్మ. ఆమె పద్ధతి మీకు తెలుసు కదా. మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు ఒక్కొక్కరం ఒక్కొక్క స్తోత్రం చెప్పాలి. ‘అన్నింటికీ వందనాలు ప్రభువా’ అంటే ఒప్పుకునేది కాదు. అది బద్ధకస్తుల ప్రార్థన అనేది. వస్తువు పేరు చెప్పాలి, ఇచ్చిన చేతి పేరు చెప్పాలి. రొట్టె అయితే ఎవరు కాల్చారు? మేజోళ్ళు అయితే ఎవరు అల్లారు? పేరు రాకపోతే గరిటె కిందికి దిగేది కాదు. చల్లారిన కూర ఎన్నిసార్లు తిన్నానో దేవుడికే తెలుసు. అలాంటి మనిషికి మొర్దెకై ఏం చెప్పాడు? “దేవుడికి చెప్పుకో. మనుషులకు చెప్పకు” అన్నాడు.

సహోదరులారా, అమ్మ ఆయన మాటే పాటించాననుకుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడాది అక్టోబరులో కృతజ్ఞతా కూడిక జరిగింది. సమ్మె అయినా, కడుపు కాలినా, మన వాళ్ళు అక్టోబరు మూడో సోమవారం కూడిక మానరు. పంట లేనివాళ్ళం పంటకు స్తోత్రం చెబుతాం. సాయంత్రం ఈ గదిలోనే సభ్యుల కూడిక. బయటివాళ్ళు వెళ్ళిపోయాక పెద్దలు ఆ తలుపు మూస్తారు. తలుపు మూశాక ఇక్కడ ఒక మనిషి చెప్పుకున్నది గడప దాటకూడదు. మొగుడు తాగి కొట్టిన సంగతి చెప్పుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. దేవుడు ఉన్నాడో లేడో అని ఏడ్చిన మగవాళ్ళు ఉన్నారు. ఏదీ బయటికి పొక్కలేదు. మన తాతల నాటి నుంచి ఆ నమ్మకం మీదే ఈ గది నిలబడింది. కాదంటారా?

ఆ నమ్మకంతోనే అమ్మ లేచింది. గాయక బృందం ఊరూరా పాడి పోగుచేసి పంపిన సాయానికి స్తోత్రం చెప్పింది. రైతులు పంపిన ఆలుగడ్డలకు చెప్పింది. తర్వాత అంది: “నా బిడ్డ ఊపిరి నిలబెట్టిన పాలకు స్తోత్రం ప్రభువా. అవి తెచ్చిన మొర్దెకై రోలండ్స్ చేతికి స్తోత్రం.”

నేను ఆమె పక్కనే, శాలువాలో చుట్టుకుని ఉన్నాను. నాకు గుర్తున్నది చప్పుడు. ముందు ఒక బెంచీ వెనక్కి జరిగింది. తర్వాత మేకుల బూట్లన్నీ ఒక్కసారి నేల మీద. మూసిన తలుపు తెరిచి అందరూ వెళ్ళిపోయారు. మొట్టమొదట లేచింది ఎవరో తెలుసా? మామయ్యా, నువ్వే. నువ్వు తల దించుకోనక్కర్లేదు, ఇది ఊరంతా ఎరిగిన సంగతే. ఆ సాయంత్రమే నువ్వు మా ఇంటికి వచ్చి కిటికీలో అట్ట తీసుకెళ్ళావు. సమ్మెలో పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన మొగుడు గనిలో చచ్చిపోతే, ఆ ఆడదాని కిటికీలోంచి తీసుకెళ్ళావు. మేకు ఊడిరాకపోతే అమ్మే కత్తి తెచ్చి ఇచ్చింది.

సంఘంలోంచి ఆమె పేరు కొట్టేశారు. ద్రోహి చేతి నుంచి పుచ్చుకుంది, పైగా దాన్ని దేవుడి ముందు పెట్టింది, అదీ నేరం. సరే. సమ్మె కాలం, కడుపులు మండుతున్నాయి, నాకు అర్థమవుతుంది. ఆ రోజు నేను పెద్దవాణ్ణి అయి ఉంటే నేనూ లేచి వెళ్ళేవాణ్ణేమో. దాన్ని నేను ద్రోహం అనడం లేదు.

ద్రోహం ఆ తర్వాత జరిగింది. ఆ వారం తిరక్కుండానే కొండ మీద మేనేజరు మొర్దెకైని పిలిచి, సమ్మెవాళ్ళ పిల్లల్ని మేపేవాడికి ఇక్కడ పని లేదన్నాడు. ఇల్లు కంపెనీది, ఖాళీ చేయమన్నాడు. మేనేజరుకు ఎలా తెలిసింది? చెప్పండి, ఎలా తెలిసింది? మేనేజరు ఈ మందిరం మెట్టు ఎక్కినవాడు కాడు. మన వెల్ష్ భాష ఒక్క ముక్క రానివాడు. ఆ కూడికలో కొండెక్కినవాళ్ళు ఎవ్వరూ లేరు, అందరూ కిటికీలో అట్ట ఉన్నవాళ్ళే, అందరూ కోపంతో బూట్లు టపటపలాడిస్తూ వెళ్ళినవాళ్ళే. వాళ్ళలో ఒకరు తిన్నగా ఆఫీసుకు వెళ్ళారు. తలుపు మూసిన గదిలో ఒక తల్లి దేవుడికి చెప్పుకున్న స్తోత్రాన్ని పట్టుకెళ్ళి, మేనేజరుకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోకి మార్చి మరీ అప్పజెప్పారు.

అది ఎవరని ఈ సంఘం ఒక్కనాడైనా అడిగిందా? కొండెక్కిన ప్రతివాడి పేరూ మనకు నోటికి వచ్చు. వాళ్ళ మనవళ్ళను కూడా వేలు పెట్టి చూపిస్తాం. దీని గురించి మాత్రం ఒక్కరికీ తెలుసుకోవాలనిపించలేదు. ఎందుకంటే ఆ రోజు ఇక్కడ ఉన్నది మనవాళ్ళే.

రోలండ్స్ వాళ్ళు బండి కట్టుకుని వెళ్ళిన పొద్దున వీధంతా కిటికీ తెరలు దించుకుంది. ఆవును అప్పటికే తోలుకుపోయారు. అమ్మ ఒక్కతే వీధిలో నిలబడింది, నన్ను చంకనేసుకుని. క్షమించమని అడగడానికి నిలబడింది. మొర్దెకై ఆమె వైపు చూడలేదు. ఆయన భార్య హెఫ్సిబా బండి ఆపించి, నన్ను ఒకసారి చూసి, అమ్మతో అంది: “నీ దేవుడికి చెప్పుకున్నావుగా లౌరీ, రేపటి పాలు ఆయన్నే అడుగు.” అంతే. బండి వెళ్ళిపోయింది. వాళ్ళు లివర్‌పూల్ రేవులో కూలికి చేరారని తర్వాత విన్నాం. మొర్దెకై అక్కడే పోయాడు.

ఆ మాట అమ్మను జీవితాంతం వదల్లేదు. “నేను దేవుడికే చెప్పాను రా, వినేవాళ్ళున్నారని మర్చిపోయాను” అనేది. మీరు చేసిన పాపానికి ఆమె తనను తాను తిట్టుకుంది. కొన్నేళ్ళకు సమ్మె వేడి చల్లారాక సంఘం ఆమెను మళ్ళీ చేర్చుకుంది, పెద్ద మనసుతో. వెనక బెంచీలో చోటిచ్చారు. కృతజ్ఞతా కూడికలో మాత్రం ఆమెను సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవలేదు. కృతజ్ఞతకు మారుపేరట.

ఇంట్లో మాత్రం ఆమె మానలేదు. ప్రతి ఏటా ఆ అక్టోబరు సోమవారం మొర్దెకై పేరు చెప్పేది, నన్నూ చెప్పమనేది. యూనియన్‌లో చేరిన కొత్తలో నాకు ఒళ్ళు మండింది. కార్మిక ద్రోహికి నేను స్తోత్రం చెప్పడమేమిటని గరిటె విసిరికొట్టాను. ఆమె గరిటె తీసి కడిగి, మళ్ళీ బల్ల మీద పెట్టింది. “ఆయన్ని మెచ్చుకోమన్నానా? క్షమించమన్నానా? అవి నీ ఇష్టం. తాగావా లేదా? తాగితే తాగానని చెప్పు” అంది. ఆ రోజు నేను తినకుండా లేచిపోయాను. యూనియన్ సభల్లో ఎంతోమందితో వాదించి గెలిచాను, ఆమెతో గెలవలేదు.

ఇక చివరి సంగతి. ఇది చెప్పాలా వద్దా అని నిన్నంతా కొట్టుకున్నాను.

అమ్మ మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నేను అడిగాను. మేనేజరుకు కబురు మోసిన మనిషి ఎవరో నీకు తెలుసా అని. తెలుసు అంది. ఎప్పటి నుంచి అన్నాను. బండి వెళ్ళిన మర్నాటి నుంచీ తెలుసు అంది. సహోదరులారా, ఇన్నేళ్ళు ఆ మనిషి ఎదురైతే ఆమె పలకరించింది. ఆ మనిషి ఇంట్లో జబ్బు చేస్తే జావ పంపి ఉంటుంది. నేను ఆ మనిషితో చేతులు కలిపి ఉంటాను, యూనియన్ గదిలో పక్కన కూర్చుని ఉంటాను. పేరు చెప్పమని మంచం పక్కన మోకాళ్ళ మీద పడి బతిమాలాను. ఆమె అంది: “పెట్టిన చేతి పేరు చెప్పడం నా పని. పొడిచిన చేతి పేరు చెప్పడం నా పని కాదు. అయినా ఆ చెయ్యి కూడా ఒకప్పుడు మనకి పెట్టిన చెయ్యే ఇథెల్. ఆ పేరు చెప్పి నువ్వే స్తోత్రం చేశావు, చిన్నప్పుడు, నా బల్ల దగ్గర.”

అర్థమైందా మీకు? అన్నం ముందు కూర్చోబెట్టి, ఆ మనిషి పేరు నా నోటితో పలికించింది. తెలిసి పలికించింది. ఆ మధ్యాహ్నం మా అమ్మ మీద నాకు వచ్చిన కోపం ఈ సంఘం మీద కూడా ఎప్పుడూ రాలేదు. నువ్వు కూడా నన్ను మోసం చేశావమ్మా అన్నాను. చావుబతుకుల్లో ఉన్న తల్లితో ఆ మాట అన్నాను. ఆమె నా చెయ్యి నిమిరింది, పేరు మాత్రం చెప్పలేదు. నాలుగు రోజులకు వెళ్ళిపోయింది.

హెఫ్సిబా గారికి లివర్‌పూల్ కబురు పంపాను. ఆమె రాలేదు. ఎందుకు వస్తుంది?

నిన్నటి నుంచి కూర్చుని నేను చిన్నప్పుడు చెప్పిన పేర్లన్నీ గుర్తు తెచ్చుకున్నాను. దొంగను పట్టుకుందామనే మొదలుపెట్టాను, దాచను. కానీ ఆ పేర్లు మీవే. సమ్మె నాటి ఆకలిలో, మీ పిల్లల నోటి దగ్గరిది తీసి మా ఇంటికి పంపినవాళ్ళు మీరే. ఒక్కొక్క పేరూ గుర్తొస్తుంటే అనుమానించడం చేతకాలేదు, మర్చిపోవడమూ చేతకాలేదు. ఇక మా అమ్మ పద్ధతిలోనే ముగిస్తాను. నాకు ఇది ఇష్టమై చేయడం లేదు. తాగాను కాబట్టి చెబుతున్నాను.

మొర్దెకై రోలండ్స్ పాలకు స్తోత్రం. గ్వెన్‌లియన్ పిన్ని బార్లీ రొట్టెకు స్తోత్రం. నాన్న శవాన్ని తీసుకురావడానికి దక్షిణం దాకా వెళ్ళిన హ్యూ పారీ గారికి స్తోత్రం. వాళ్ళ అబ్బాయి కోటు నాకు తొడిగిన మార్గెడ్ అక్కకు స్తోత్రం. మా పొయ్యిలోకి బొగ్గు మోసిన టెగిడ్ మోరిస్ గారికి స్తోత్రం. అట్ట తీసుకెళ్ళిన చేత్తోనే ఆ క్రిస్మస్‌కు గడప మీద నాకోసం బూట్లు పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయిన కాడోక్ మామయ్యకు స్తోత్రం.

మొర్దెకైది పక్కన పెడితే, వీటిలో ఒకటి ఆ మనిషి పేరు. ఏదో నాకు తెలియదు. తెలిసిన మనిషి వెళ్ళిపోయింది.

పెద్దలు అనుమతిస్తే, ఆ తలుపు మూయండి. లౌరీ ప్రిచర్డ్ కోసం మనందరం కాసేపు మౌనంగా నిలబడదాం. ఆ మనిషి కూడా మనతో పాటు లేచి నిలబడాలి, అమ్మ ఉంటే అదే కోరేది. నేను కళ్ళు మూసుకుంటాను. ఎవరి ముఖమూ చూడను. లేవండి.